మసాయి మారా క్యాంపులో పెళ్లి: ముహూర్తం పెట్టించే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగిందాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను. తప్పుంటే సరిచేయండి. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. అబ్బాయి న్యూజెర్సీలో హెచ్‌1బీ మీద ఉన్నాడు. ఇద్దరికీ అడవులంటే పిచ్చి. వచ్చే శ్రావణంలో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యంలో, ఒక సఫారీ క్యాంపులో పెళ్లి చేసుకోవాలని ఉంది. నలభై మంది వస్తారు, అందులో నలుగురు డెబ్బై దాటినవాళ్లు. పురోహితుణ్ణి కూడా ఇక్కడినుంచే తీసుకెళ్తారు. "ఇది చట్టప్రకారం చెల్లుతుందా, అసలు జరిగే పనేనా? అమ్మకి ఒకటే టెన్షన్" అన్నారు.

నేను నైరోబి వచ్చి పదహారేళ్లయింది, సఫారీ బుకింగులే నా పని. మారాలో తొమ్మిది పెళ్లిళ్లు దగ్గరుండి చేయించాను, అందులో మూడు తెలుగువాళ్లవి. జరిగే పనే. కాకపోతే నలభై మంది, ఆగస్టు నెల, అక్కడే రిజిస్ట్రేషన్, ఈ మూడూ ఒకేసారి పెట్టుకుంటే మీ అమ్మగారి టెన్షన్ నిజమవుతుంది. ఒకటైనా వదులుకోండి. నన్నడిగితే మూడూ మార్చుకోమంటాను.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మీకు రేపు భార్యగా అమెరికా వెళ్లే వీసాకి, అంటే హెచ్‌4 స్టాంపింగ్‌కి మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. కెన్యాలో 2014 వివాహ చట్టం సివిల్ పెళ్లితో పాటు హిందూ వివాహాన్ని కూడా గుర్తిస్తుంది. అక్కడ మనవాళ్లు తరాలుగా ఉన్నారు. 2017లో ఆ ప్రభుత్వం భారత సంతతివాళ్లని దేశంలో 44వ తెగగా కూడా ప్రకటించింది. కానీ హిందూ పెళ్లి చేయించేవాడికి అక్కడి రిజిస్ట్రార్ అనుమతి ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చే మీ పంతులుగారికి అది ఉండదు. ఆయన ఎంత శాస్త్రోక్తంగా చేయించినా కెన్యా సర్టిఫికెట్ రాదు. సివిల్ పెళ్లి అయితే మామూలుగా 21 రోజుల నోటీసు ఉంటుంది. స్పెషల్ లైసెన్సు తీసుకుంటే ఆ నోటీసు అక్కర్లేదు, కానీ ఇద్దరూ అవివాహితులేనని ధ్రువీకరించే పత్రాలు, వాటికి అటెస్టేషన్లు, నైరోబిలో ఆఫీసు చుట్టూ మూడు నాలుగు రోజులు. చేసినవాళ్లున్నారు. పెళ్లికి ముందు వారం అలా గడపాలని మీకుంటే సరే.

"మన హైకమిషన్‌లో చేసుకోవచ్చు కదా" అని ఎవరో ఒకరు చెప్తారు. 1969 ఫారిన్ మ్యారేజ్ యాక్ట్ ఉన్నమాట నిజమే. కానీ ఇద్దరిలో ఒకరు నోటీసుకి ముందు కనీసం 30 రోజులు ఆ మ్యారేజ్ ఆఫీసర్ పరిధిలో నివసించి ఉండాలి. సఫారీకి వచ్చేవాళ్లకి అది కుదిరే పని కాదు.

ఇంకొందరు "హైదరాబాద్‌లో హిందూ వివాహ చట్టం కింద ముందే రిజిస్టర్ చేయించేసి, తతంగం అక్కడ పెట్టుకోండి" అంటారు. ఈ సలహా పాటించకండి. తతంగం జరగకుండా ఆ చట్టం కింద తీసుకున్న కాగితం ఒక్కటే పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ముందే కాగితం కావాలంటే 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ దారి. అందులో రిజిస్ట్రార్ ముందు జరిగేదే పెళ్లి. మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కాబట్టి 30 రోజుల నివాసం షరతు మీతో తీరిపోతుంది. తర్వాత 30 రోజుల నోటీసు. నోటీసు ఇచ్చిన రోజునుంచి మూడు నెలల్లోపు పెళ్లి చేసుకోవాలి.

ఇక్కడే చిన్న ఉపాయం ఉంది. అబ్బాయి నిశ్చితార్థానికి ఎలాగూ వస్తాడు. అప్పుడు ఇద్దరూ నోటీసు మీద సంతకం పెట్టండి. నిశ్చితార్థానికి, పెళ్లికి మధ్య నెల దాటాలి, మూడు నెలలు దాటకూడదు. రెండోసారి వచ్చినప్పుడు రిజిస్ట్రార్ ముందు సంతకాలు, ముగ్గురు సాక్షులు, సర్టిఫికెట్ చేతికి. రెండు మూడు రోజుల్లో నైరోబి విమానం ఎక్కండి. జీలకర్ర బెల్లం, మాంగళ్యధారణ, ఏడడుగులు అన్నీ మారాలో. చట్టం దృష్టిలో పెళ్లయిపోయింది, మీ దృష్టిలో అవ్వబోతోంది. పెద్దవాళ్లకి ఆ ఆఫీసు తతంగాన్ని "సంతకాలు" అని చెప్పండి, "పెళ్లి" అనకండి, గొడవ ఉండదు. అబ్బాయి పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు చూసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ఒక పెళ్లికొడుకు తిరుగు ప్రయాణంలో ఆ సంగతి గుర్తొచ్చి నైరోబి ఎయిర్‌పోర్టులో చెమటలు పట్టి కూర్చున్నాడు.

సౌతాఫ్రికా గురించి కూడా ఒక్క మాట, ఎందుకంటే కొందరు అక్కడి క్రూగర్ నేషనల్ పార్కు వైపు వెళ్లమంటారు. అక్కడి 1961 వివాహ చట్టం ప్రకారం పెళ్లి ఒక కట్టడం లోపల, తలుపులు తెరిచి ఉంచి జరగాలి. చెట్టుకింద ఫొటోలు దిగినా సంతకాలకి మాత్రం లాడ్జి గదిలోకి వెళ్తారు. పద్ధతి తెలిసినవాళ్లకి ఇబ్బందేమీ లేదు. మీకు మారా మీద మనసుంది కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఇక నలభై మంది సంగతి. మారాలో మంచి క్యాంపులు చాలావరకు పది పన్నెండు గుడారాలవే. అంటే ఇరవై, ఇరవై నాలుగు మంది. మన లెక్కలో చెప్పాలంటే విడిది, కల్యాణ మండపం, భోజనాల హాలు అన్నీ అదే చోట, బయటికెళ్లి ఉండటానికి పక్కవీధి ఉండదు. పెద్ద లాడ్జిలు ఉన్నాయి, నలభై ఏం, వంద మంది పడతారు, కానీ పక్క టేబుల్లో వేరే దేశం టూరిస్టులు మీ మంగళసూత్రాన్ని వీడియో తీస్తుంటారు. అందుకే నా మాట: ఇరవై రెండు మందితో ఒక చిన్న క్యాంపుని మొత్తంగా తీసేసుకోండి. మిగతావాళ్లకి హైదరాబాద్‌లో రిసెప్షన్. మా అనుభవంలో మనసు కష్టపెట్టుకునేది పిలవనివాళ్లు కాదు. పిలిచాక అక్కడ ఇబ్బందిపడ్డవాళ్లే.

ఎక్కడ తీసుకోవాలి అంటే, అసలు రిజర్వు, అంటే ప్రభుత్వ అభయారణ్యం, లోపల కాదు, దాని అంచున ఉన్న కన్సర్వెన్సీల్లో. నబోయిషో, ఓలారే మోటోరోగి, మారా నార్త్ లాంటివి. ఇవి అక్కడి మసాయి తెగ కుటుంబాల సొంత భూములు. క్యాంపులు వాళ్లకి కౌలు కట్టి నడుపుతాయి. రిజర్వు లోపల లేని వెసులుబాట్లు ఇక్కడ ఉంటాయి: కాలినడక, రాత్రి డ్రైవ్, గుడారాలకి దూరంగా ఒక చెట్టుకింద పీటలు వేసుకోవడం. పెళ్లికి కావాల్సింది ఆ చివరిదే.

నెల గురించి. శ్రావణం అంటే ఆగస్టు, అంటే పెద్ద జింకజాతి జంతువులైన వైల్డ్‌బీస్ట్ మందలు టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారాకి దాటే కాలం. టీవీల్లో చూసే నది దాటే దృశ్యం అదే. జనం కూడా అప్పుడే ఎక్కువ. రిజర్వు ప్రవేశ రుసుము విదేశీ పెద్దలకి రోజుకి తలకి జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200. ఇరవై రెండు మంది మూడు రోజులు రిజర్వులో తిరిగితే ఆగస్టులో గేటు దగ్గరే 13,200 డాలర్లు. ఫిబ్రవరిలో అది 6,600. క్యాంపు అద్దె తేడా అదనం. మాఘంలో ముహూర్తాలకి కొదవ లేదు కదా. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మారా పొడిగా ఉంటుంది, గడ్డి పొట్టిగా ఉంటుంది, సింహాలు ఏనుగులు అక్కడే ఉంటాయి. పెద్ద మందలు మాత్రం ఆ నెలల్లో టాంజానియాలో, సెరెంగెటి దక్షిణాన న్దుటు మైదానాల్లో ఈనుతుంటాయి. నది దాటే దృశ్యమే ముఖ్యం అనుకుంటే శ్రావణమే. పెళ్లి ముఖ్యం అనుకుంటే మాఘం. మార్చి చివరినుంచి మే దాకా మాత్రం వద్దే వద్దు. వానలకి నల్లరేగడిలో జీపులు కూరుకుపోతాయి. వైశాఖంలో పెళ్లి పెట్టుకున్న ఒక కుటుంబం పెళ్లికొడుకుతో సహా బండి దిగి బురదలో తోసింది.

ముహూర్తం. దీని గురించి ఎవరూ అడగరు, కానీ ఎక్కువ తిప్పలు ఇక్కడే. కెన్యా టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. హైదరాబాద్‌కి కట్టిన ముహూర్తంలోంచి రెండున్నర గంటలు తీసేస్తే అక్కడి ముహూర్తం రాదు. లగ్నం ఊరి అక్షాంశ రేఖాంశాల్ని బట్టి మారుతుంది. మారా భూమధ్యరేఖకి ఒకటిన్నర డిగ్రీ దక్షిణాన ఉంది. పంతులుగారికి ఆ లెక్క ఇచ్చి అక్కడి సూర్యోదయంతో కట్టించండి. ఏడాది పొడవునా పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది, సాయంత్రం ఆరున్నర దాటాక గుంకుతుంది, పెద్ద తేడా ఉండదు. ఆయనతో ముందే ఒక మాట అనండి: పగటి లగ్నం మాత్రమే.

ఎందుకంటే క్యాంపుల చుట్టూ కంచె ఉండదు. చీకటి పడ్డాక అస్కారి, అంటే టార్చి పట్టుకున్న కాపలాదారు, తోడు లేకుండా గుడారం దాటి అడుగు పెట్టనివ్వరు. ఒక పెళ్లికి తెల్లవారుజామున 3:52కి లగ్నం పెట్టారు. నేను వద్దన్నాను, వినలేదు. పెళ్లికొడుకు గుడారానికీ పీటలకీ మధ్య ఎనభై మీటర్లు ఉంటుందేమో. సరిగ్గా ఆ దారిలో అడవిదున్నలు పడుకున్నాయి. అస్కారి టార్చి వేసి చూసి, తల అడ్డంగా ఊపి, కుర్చీలో కూర్చున్నాడు. అడవిదున్నతో ఎవరూ వాదించరు. చివరికి వెనకవైపునుంచి ల్యాండ్‌క్రూజర్ తెప్పించి పెళ్లికొడుకుని ఎనభై మీటర్ల దూరానికి బండిలో ఊరేగించాం. జీలకర్ర బెల్లం పెట్టేసరికి 4:20. "లగ్నం ఇంకా ఉందిలెండి" అన్నారు పంతులుగారు. నిజంగానే ఉందో, దున్నల్ని చూసి ఆయనే పొడిగించారో నేను అడగలేదు.

నక్షత్రాలు చూపించే ఘట్టం గురించి కూడా పంతులుగారికి ముందే చెప్పండి. ధ్రువ నక్షత్రం అక్కడ కనిపించదు. భూమధ్యరేఖకి దక్షిణాన కాబట్టి దిగంతం కిందే ఉండిపోతుంది. అరుంధతి మాత్రం కనిపిస్తుంది. ఆగస్టులో చీకటి పడగానే వాయవ్యం వైపు కాస్త కిందుగా సప్తర్షి మండలం ఉంటుంది, వసిష్ఠుడి పక్కన అరుంధతి. కరెంటు దీపాలు లేని ఆకాశం కాబట్టి నగరంలో పుట్టిపెరిగిన మీకు నిజంగా కళ్లతో చూడటం అదే మొదటిసారి అవుతుంది. ఫిబ్రవరిలో అయితే సాయంత్రం ఉండదు, రాత్రి పది, పదకొండు అయ్యాక ఈశాన్యంలో లేస్తుంది. అప్పుడు అస్కారిని తోడు తీసుకుని బయటికి రండి. మధ్యాహ్నం ఎండలో ఆకాశంలోకి వేలు చూపించి "అదిగో అరుంధతి" అనే మన అలవాటు కంటే ఇది నాకెప్పుడూ బాగుంటుంది.

సామాను. నైరోబిలో విల్సన్ ఎయిర్‌పోర్టునుంచి మారాకి పన్నెండు సీట్ల చిన్న విమానం, ముప్పావుగంట. మనిషికి 15 కిలోలు, చేతిసంచితో కలిపి. అదీ మెత్తటి సంచుల్లో, చక్రాల సూట్‌కేసులు పట్టవు. పెళ్లిచీరలు, పంచెలు, నగలు, బిందెలు, పళ్లేలు ఇవన్నీ 15 కిలోల్లో ఎలా సర్దుతారో మీ ఇష్టం. రోడ్డుమీద నరోక్ మీదుగా ఐదారు గంటల ప్రయాణం. పెళ్లి సామానుకి ఒక బండి ముందురోజే పంపించేయండి, మనుషులు విమానంలో రండి.

ఇండియానుంచి మోసుకురావద్దనేవి కొన్ని ఉన్నాయి. కర్పూరం, ఎండుకొబ్బరి విమానంలో పెట్టనివ్వరు. మామిడాకులు, పూలు, విత్తనాలు, మొలకలెత్తే నవధాన్యాలు కెన్యాలోకి తేవాలంటే మొక్కల ఆరోగ్య శాఖ అనుమతి కావాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. అక్కర్లేదు కూడా. కొబ్బరికాయలు వాళ్ల సముద్రతీరంనుంచి వస్తాయి. మామిడి మకుయేని జిల్లాలో బోలెడు. అరటాకులకి లోటు లేదు. గులాబీలైతే నైవాషా సరస్సు చుట్టూ ఉన్న తోటలు ఎన్నో దేశాలకి ఎగుమతి చేస్తాయి, మీ దండలకి తక్కువవుతాయా? పసుపు, కుంకుమ, వక్కలు, కర్పూరం, అగరొత్తులు నైరోబిలో పార్క్‌లాండ్స్‌లో, డైమండ్ ప్లాజా చుట్టుపక్కల దుకాణాల్లో దొరుకుతాయి. బాసికాలు, మధుపర్కాలు, మంగళసూత్రం మాత్రం ఇంటినుంచే తెచ్చుకోండి.

ప్లాస్టిక్ కవర్లు 2017 ఆగస్టునుంచి దేశమంతా నిషేధం. అభయారణ్యాల్లాంటి రక్షిత ప్రాంతాల్లో 2020నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ కుదరదు. రిటర్న్ గిఫ్టులు మెరిసే కవర్లలో పెట్టి తెచ్చారో, నైరోబిలో దిగగానే కవర్లు విప్పే కార్యక్రమం ఉంటుంది. డ్రోన్ కూడా తేవద్దు. ముందస్తు అనుమతి లేకపోతే కస్టమ్స్‌లో పట్టేసుకుంటారు, అదీగాక జంతువులు బెదురుతాయని క్యాంపులు ఒప్పుకోవు.

తలంబ్రాల దగ్గర ఒకసారి నేనే తప్పు చేశాను. ఈమధ్య తలంబ్రాల్లో థర్మకోల్ గోళీలు, రంగు మెరుపులు కలుపుతున్నారు కదా. అవి తీసేయించాను, ఉత్త పసుపు బియ్యమే అన్నాను. ఇంకేం భయం అనుకున్నాను. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు తెల్లారేసరికి ఆ బియ్యం కోసం పిట్టలు, పిట్టల వెనక కోతులు. బియ్యం అయిపోయాక కోతులు భోజనాల గుడారంలోకి దూరి తాంబూలాల్లోని అరటిపళ్లన్నీ పట్టుకుపోయాయి. మనుషుల తిండి అలవాటైన కోతి ఆ క్యాంపుకి ఎప్పటికీ తలనొప్పే. క్యాంపు మేనేజరు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆయనది తప్పు కాదు. అప్పటినుంచి పీటల కింద, చుట్టూ పెద్ద దుప్పట్లు పరిపిస్తున్నాను. తలంబ్రాలయ్యాక నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తేస్తే ఒక్క గింజ మిగలదు.

అగ్నిహోత్రం కుదురుతుంది, ముందు అడగాలి. ఎండాకాలం గడ్డి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. క్యాంపుల్లో రాత్రిపూట చలిమంట వేసే చోటు ఒకటి గడ్డి చెక్కి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటుంది. అక్కడే చిన్న హోమగుండం పెట్టమంటారు, పక్కన నీళ్ల బకెట్లు. సన్నాయి, డోలు పగటిపూట ఓ గంట అభ్యంతరం చెప్పరు. డీజే, సంగీత్ స్పీకర్లు మర్చిపోండి. టపాసులు, గాల్లోకి వదిలే దీపాలు మాట కూడా ఎత్తొద్దు.

మంగళస్నానాల గురించి ఆడవాళ్లు అడుగుతారు. చాలా క్యాంపుల్లో వేడినీళ్లు బకెట్లో తెచ్చి పైన వేలాడే సంచిలో పోస్తారు, అదే షవరు. తెల్లవారుజామున బాగా చలి, మారా పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంది. తడిజుట్టుతో, నూలు మధుపర్కాల్లో పీటలమీద కూర్చునే పిల్లకి పక్కనే శాలువా ఉండాలి.

ఇప్పుడు పెద్దవాళ్లు. కెన్యానుంచి ఇండియాకి తిరిగి రావాలంటే ఎల్లో ఫీవర్ టీకా కార్డు కావాలి, ప్రయాణానికి కనీసం పది రోజులముందు వేయించాలి. లేకపోతే దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అయితే అరవై దాటినవాళ్లకి ఈ టీకాతో ప్రమాదం కాస్త ఎక్కువ, డాక్టరుని కలవకుండా వేయించకండి. మీ నలుగురు పెద్దల విషయంలో ఇదే అసలు ప్రశ్న. డాక్టరు వద్దంటే ప్రయాణం గురించి మళ్లీ ఆలోచించాల్సిందే. టికెట్లు కొన్నాక కాదు, ఇప్పుడే అడగండి. మారాలో మలేరియా ఉంది, మాత్రలు వాడాలి. ఆసుపత్రి దగ్గర్లో ఉండదు కాబట్టి విల్సన్ నుంచి ఎగిరే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అనే విమాన అంబులెన్సు కవరేజి అందరికీ తీసుకోండి, లేదా క్యాంపు ధరలో కలిసి ఉందో లేదో చూసుకోండి.

భోజనం గురించి భయపడకండి. చపాతీ, సమోసా కెన్యాలో ఎప్పుడో ఇంటి వంటలయిపోయాయి. క్యాంపు వంటవాళ్లకి పప్పు, కూర చెప్తే చేస్తారు. పులిహోర మాత్రం మీ పిన్నిగారో ఎవరో వంటగదిలో నిలబడి చేయించాలి. ఒకచోట వంటాయన అది నేర్చుకుని, తర్వాత వచ్చిన జర్మన్ టూరిస్టులకి కూడా పెట్టాడట.

మసాయివాళ్ల ఎగిరే నృత్యం పెట్టించాలని రాశారు. పెట్టించండి, కానీ డెకరేషన్ లాగా కాదు. ఆ భూమి వాళ్లది, మీరు వాళ్ల ఇంటికి పెళ్లికి వచ్చినట్టు. క్యాంపు ద్వారా ఊరి పెద్దని పిలిచి ఆశీర్వదించమనండి. గడ్డిపోచ పట్టుకుని, పాలు చిలకరించి దీవిస్తారు. పాలు నోటితో చిమ్మే పద్ధతి కూడా ఉంది. అది వాళ్ల దృష్టిలో పెద్ద దీవెన. మీ అత్తయ్యలకి ముందే చెప్పి పెట్టండి.

క్యాంపుకి రాసే మొదటి ఉత్తరంలో ధర అడక్కండి. ఎన్ని గుడారాలు, అన్నీ మాకే ఇస్తారా, మంట ఎక్కడ వేయనిస్తారు, మా వంటమనిషిని వంటగదిలోకి రానిస్తారా అని అడగండి. వచ్చిన జవాబు తీరు చూస్తే వాళ్లకి పెళ్లి చేసే ఓపిక ఉందో లేదో అర్థమైపోతుంది.

చివరగా, అప్పగింతలు ఎక్కడ పెట్టాలని మీ అమ్మగారు అడిగారన్నారు. ఎయిర్‌స్ట్రిప్ దగ్గర పెట్టించాం ఒకసారి. మట్టి రన్‌వే, పక్కన ఒక తుమ్మచెట్టు. పైలట్ దిగే ముందు డ్రైవరు జీపేసుకుని చారల గుర్రాల్ని తోలాలి, ఆ పది నిమిషాలు ఖాళీ. అమ్మాయి ఏడ్చింది, వాళ్లమ్మ ఏడ్చింది, చూసి పైలట్ కంగారుపడ్డాడు. తర్వాత అందరూ అదే విమానం ఎక్కి, అమ్మాయి వాళ్లమ్మ పక్క సీట్లోనే కూర్చుంది.